సోలాపూర్ తెలుగువాళ్ల ఫోటోలు: ప్రదర్శన మొదట ఆ గల్లీలోనే పెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమ్మమ్మగారి ఊరు సోలాపూర్ కావడంతో మూడేళ్లుగా అక్కడి తెలుగు పద్మశాలీ కుటుంబాల ఫోటోలు తీస్తున్నారు. మరమగ్గాలు మూతపడటం, ఆడవాళ్లు బీడీలు చుట్టడం, పిల్లలు పుణె ఉద్యోగాలకు వెళ్లిపోవడం, ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. మొత్తం 6 వేల ఫోటోలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒక గ్యాలరీ వారం రోజులకు దొరికేలా ఉంది. ఎన్ని పెట్టాలి, ఎలా పెట్టాలి, అసలు ఇలాంటి ప్రదర్శనల వల్ల ఏమైనా మారుతుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. 40 ఫోటోలు మించొద్దు. హైదరాబాద్ గ్యాలరీ కంటే ముందు సోలాపూర్‌లో, మీరు ఫోటోలు తీసిన గల్లీల్లోనే పెట్టండి. ఆ తర్వాత ఆ కుటుంబాల పూర్వీకులు బయల్దేరిన తెలంగాణ పల్లెల్లో ఒకచోట. హైదరాబాద్ మూడోది. ఇక మార్పు సంగతంటారా, ఫోటోలు వాటంతట అవి దేన్నీ మార్చవు. ఆ విషయంలో ఏదో పని చేస్తున్నవాళ్ల చేతికి అందితే మాత్రం చాలా పనిచేస్తాయి.

నేను 22 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదటి కొన్నేళ్లు నా ప్రదర్శనలన్నీ నగరంలోనే జరిగాయి. ఆ వరస ఎందుకు మార్చుకున్నానో చెబితే నా సలహా వెనక ఏముందో మీకు అర్థమవుతుంది.

జగిత్యాల వైపు పల్లెల్లో గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల కుటుంబాల ఫోటోలు తీశాను. అందులో ఒకటి, భర్త శవపేటిక ఇంటికొచ్చిన మూడో రోజు గుమ్మంలో కూర్చున్న ఒకామెది. చేతిలో ఆయన పంపిన ఫోను. ఫోటో తీసింది 2004లో. హైదరాబాద్‌లో ప్రదర్శన పెట్టింది 2008లో. కింద ‘గల్ఫ్ బాధితురాలు’ అని రాశాను. రెండో రోజు సాయంత్రం ఆమే వాళ్ల తమ్ముడితో వచ్చింది. ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి, “అన్నా, నా పేరు రాయలేదేంది?” అంది. “బాధితురాలంటే నేనేనా? నేనిప్పుడు మిషన్ కుడుతున్న. ఇంకో ఇద్దరు ఆడోళ్లకు నేర్పిస్తున్న.”

నాకు నోట మాట రాలేదు. నాలుగేళ్లలో ఆమె బతుకు ఎంతో ముందుకు పోయింది. నా క్యాప్షన్ మాత్రం ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆ ఫోటోను వందల మంది చూశాక గానీ ఆమె చూడలేదు. ఆమె ముందే చూసి ఉంటే ఆ మాట అక్కడ ఉండేదే కాదు.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదు. డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీలో అందరికీ తెలిసిన ఫోటో ‘మైగ్రెంట్ మదర్’. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర డొరొతియా లాంజ్ తీశారు. ఒక తల్లి, ఆమె భుజాల మీద తలలు వాల్చి ముఖం తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల అమెరికాకు ఆ ముఖమే గుర్తుగా మిగిలింది. కానీ ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. 42 ఏళ్లు పేరు లేకుండానే ఆ ఫోటో ఊరూరా తిరిగింది. ఆ ఫోటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె బాధపడ్డారు. లాంజ్ గొప్ప ఫోటోగ్రాఫర్, అందులో నాకు సందేహం లేదు. అంత గొప్ప ఫోటోలోనూ ఆ లోటు ఉందంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

గల్లీలో పెడితే ఏం జరుగుతుంది

2011లో పాలమూరు వైపు ఒక ఊళ్లో బడి ఆవరణలో 30 ఫోటోలు కట్టాను. వలస పనులకు పోయొచ్చే కుటుంబాలవి. చెట్టుకూ చెట్టుకూ నులక తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులతో వేలాడదీశాం. గ్యాలరీలో జనం రెండడుగుల దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తారు. ఇక్కడ అలా కాదు. దగ్గరికొచ్చి వేలు పెట్టి చూపిస్తారు, ముఖాలు తడుముతారు, పేర్లు పెట్టి పిలుస్తారు. సాయంత్రానికి కొన్ని ఫోటోల మీద ముఖాలున్న చోట వేళ్ల మరకలు పడ్డాయి. ఆ ప్రింట్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఒక ముసలమ్మ బావి ఫోటో ముందు ఆగింది. చదవడం రాదు, మనవరాలు క్యాప్షన్ చదివి వినిపించింది. ‘ఎండిపోయిన ఊరి బావి’ అని నా రాత. ఆమె తల అడ్డంగా ఊపింది. అది ఊరి బావి కాదట. ఒకప్పుడు తమవాళ్లను దాని గట్టు మీదికి కూడా రానిచ్చేవారు కాదని, నీళ్లు పైనుంచి పోస్తే కింద కుండలు పట్టుకునేవాళ్లమని చెప్పింది. ‘ఊరి’ అన్న ఒక్క మాటలో నాకు తెలియకుండానే ఎంత దాచేశానో అప్పుడు అర్థమైంది. మార్కర్ పెన్ను మనవరాలి చేతికిచ్చి, అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఆ పక్కనే ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు రాశారు. మూడు రోజుల్లో 30 క్యాప్షన్లలో 11 మారాయి. తర్వాత హైదరాబాద్‌లో పెట్టినప్పుడు ఆ చేతిరాతలనే ఫోటోల పక్కన అంటించాను. వచ్చినవాళ్లు ఎక్కువసేపు ఆగింది వాటి దగ్గరే.

అందుకే అంటున్నాను, సోలాపూర్ ప్రదర్శన మీకు రిహార్సల్ కాదు, అసలు పనే అది. మీ తప్పులు దిద్దగలిగేది వాళ్లే.

ఇలా జనం మధ్యకు తీసుకెళ్లిన ప్రదర్శనలు మన దగ్గరే ఉన్నాయి. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో తీసిన ఫోటోలతో, పల్లె ఆడవాళ్ల పని మీద ఒక ప్రదర్శన తయారు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇటుక బట్టీల దగ్గర, మండే ఎండలో నెత్తిన వేడి ఇటుకలు మోస్తూ చెప్పుల్లేకుండా నడుస్తున్న ఒడిశా వలస కూలీలు అందులో ఉంటారు. దాన్ని బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీల దగ్గర, వ్యవసాయ కూలీల సభల్లో పెట్టారు. 7 లక్షల మందికి పైగా చూశారు. ఏ గ్యాలరీకి అంతమంది వస్తారు? ఢాకాలో ఛోబీ మేళా అనే ఫోటో ఉత్సవం వాళ్లు రిక్షా బండ్ల మీద ఫోటోలు కట్టి వీధులు తిప్పారు. నేపాల్‌లో 2015 ఏప్రిల్‌లో భూకంపం వస్తే, అదే ఏడాది నవంబరులో కాఠ్మండూ పక్కనే ఉన్న పాటన్ వీధుల్లో ‘ఫోటో కాఠ్మండూ’ అనే ఉత్సవం మొదలైంది. కూలిన గోడల ఊళ్లో, మిగిలిన గోడల మీద ఫోటోలు.

6 వేల నుంచి 40కి ఎలా రావాలి

కంప్యూటర్ తెర మీద ఎంచకండి. ముందు 300 దాకా వడకట్టి, వాటిని పోస్టుకార్డు సైజులో చవగ్గా ప్రింట్ వేయించి, గదిలో నేల మీద పరవండి. రెండు వారాలు అలాగే ఉంచండి. వచ్చేపోయేవాళ్లు ఏ ఫోటో చేతికి తీసుకుంటున్నారో గమనించండి. మనకు ఇష్టమైన ఫోటో ఒకటి ఉంటుంది, దాని కోసం ఎంత కష్టపడ్డామో మనకే తెలుసు. చూసేవాళ్లకు ఆ కష్టంతో పనిలేదు.

మీరు జతచేసిన 12 ఫోటోలు నాలుగైదు సార్లు చూశాను. నిజం చెప్పాలంటే వాటిలో 7 చేతుల ఫోటోలే. మగ్గం మీద చేతులు, ఆకు కత్తిరిస్తున్న చేతులు, ముడతలు పడ్డ చేతులు. బాగున్నాయి, కానీ అలాంటివి ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఎనిమిదోది మాత్రం మీరే తీయగలరు. ఒకామె చాట ఒళ్లో పెట్టుకుని బీడీకి దారం చుడుతోంది. వెనక గోడకు మరాఠీ క్యాలెండరు, దాని పక్కన మేకుకు వేలాడదీసిన ఐడీ కార్డు, మెళ్లో వేసుకునే పట్టీతో సహా. కొడుకుదో కూతురిదో ఆఫీసు కార్డు అయి ఉంటుంది. తునికాకు, తంబాకు, ఆ కార్డు ఒకే చట్రంలో. మీరు మూడేళ్లుగా చెప్పాలనుకుంటున్నది ఆ ఒక్క ఫోటోలో ఉంది. అలాంటివి వెతకండి. చేతుల ఫోటో ఒక్కటి చాలు.

ఆ 40లో ఓ ఎనిమిదో పదో వాళ్ల ఇళ్లలోని పాత ఫోటోలకు వదిలిపెట్టండి. మొదటి మగ్గం ముందు తాతగారు, స్టూడియోలో పెళ్లి జంట, బతుకమ్మ చుట్టూ గల్లీ ఆడవాళ్లు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, అసలు ఫోటో అప్పటికప్పుడే వాళ్ల చేతిలో పెట్టేయండి. ‘రేపు తెచ్చిస్తా’ అనొద్దు, ఆ రేపు ఒక్కోసారి రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి కుటుంబం అనుమతి తప్పనిసరి. ఆ ఫోటో పక్కన కుటుంబం పేరు వేయండి.

క్యాప్షన్లు

నా అనుభవంలో ప్రదర్శన నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. మనిషి పేరు (వాళ్లు తమ పేరు ఎలా పలుకుతారో అలాగే), ఫోటో తీసిన సంవత్సరం, ఇప్పుడు ఏం చేస్తున్నారు, వీలైతే వాళ్ల నోటి మాట ఒకటి. 50 పదాలు దాటొద్దు. తెలుగు పైన, మరాఠీ కింద, ఒకే సైజు అక్షరాల్లో. నిలబడి చదవాలి కాబట్టి 24 పాయింట్ కంటే చిన్నగా వేయకండి. వాళ్ల తెలుగులో మరాఠీ మాటలు కలుస్తాయి కదా, దిద్దకండి. మీరు చూపించాలనుకుంటున్న రాకపోకలు ఆ వాక్యంలోనే వినిపిస్తాయి.

‘బాధితులు’, ‘అభాగ్యులు’, ‘మరుగున పడిన’ లాంటి మాటలు కొట్టేయండి. పని చేసుకుని బతికేవాళ్లు వాళ్లు. ఇంకో మాట, సోలాపూర్ బీడీ కార్మికుల కథలో పోరాటం కూడా ఉంది. కమ్యూనిస్టు నేత నర్సయ్య ఆడం నాయకత్వంలో ఆ ఆడవాళ్లు కొట్లాడి, కుంభారి దగ్గర మహారాష్ట్ర కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరుతో 10 వేల ఇళ్ల కాలనీ సాధించుకున్నారు. బీడీ చుట్టే ఫోటోలే పెట్టి, సొంత ఇంటి తాళంచెవి పట్టుకున్న ఫోటో ఒక్కటైనా పెట్టకపోతే సగం కథే చెప్పినట్టు.

సంస్కృతుల కలయిక గురించి కొంచెం జాగ్రత్త

1955లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ ‘ద ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ పెట్టారు. 68 దేశాలు, 273 మంది ఫోటోగ్రాఫర్లు, 503 ఫోటోలు. పుట్టుక, పెళ్లి, పని, చావు, మనుషులంతా ఒకే కుటుంబం అన్నది దాని మాట. మన దేశానికీ వచ్చింది. ప్రపంచమంతా కలిపి 90 లక్షల మందికి పైగా చూశారు. ఇప్పుడు లక్సెంబర్గ్‌లోని క్లెర్వో కోటలో శాశ్వతంగా ఉంది. ఎవరైనా జీవితంలో ఒకసారి చూడదగ్గ ప్రదర్శనే. కానీ 1959లో మాస్కోలో పెట్టినప్పుడు నైజీరియాకు చెందిన ఒక విద్యార్థి కొన్ని ఫోటోలు చించేశాడు. నల్లజాతివారిని, ఆసియావారిని తక్కువ చేసి చూపించారన్నది అతని కోపం. అందరం ఒక్కటే అన్న గోడ మీద కూడా ఎవరికి బట్టలున్నాయి, ఎవరికి లేవు అన్నది అతనికి కనిపించింది.

అందుకని ‘తెలుగు-మరాఠీ భాయీభాయీ’ అన్న తీరులో వద్దు. వస్తువులు చూపించండి. ఒకవైపు తెలుగు, ఇంకోవైపు మరాఠీ అచ్చువేసిన పెళ్లి పత్రిక ఉందా? బతుకమ్మ ఆడటానికి వచ్చిన మరాఠీ పక్కింటావిడ ఉందా? జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న సోలాపురి చద్దర్ మీద నేత ఎవరిది, పేరు ఏ ఊరిది అన్నది ఎవరైనా మాట్లాడారా? కలిసినచోటే కాదు, కలవనిచోట కూడా చూపించండి. మనవడికి తెలుగు రాక, తాతతో ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి అమ్మకిచ్చేయడం కూడా ఈ కథలో భాగమే.

ప్రింట్లు, గోడలు గురించి క్లుప్తంగా. 24 మెగాపిక్సెల్ ఫోటో అంటే 6000×4000 పిక్సెళ్లు, 200 డీపీఐలో 30×20 అంగుళాలు హాయిగా వస్తుంది. వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫైలు నుంచి మాత్రం ప్రింట్ వేయించకండి. గల్లీలో ఫ్లెక్స్ వద్దు, ఎండకు మెరిసి ముఖం కనపడదు. మెరుపు లేని వినైల్‌ను సన్‌బోర్డ్ అనే తేలికపాటి ఫోమ్ అట్ట మీద అంటించినది, లేదా బట్ట మీద ప్రింటు మేలు. నేత ఊరు కాబట్టి బట్ట మీద వేస్తే వాళ్లకూ ముచ్చటగా ఉంటుంది. ముందు ఒక్క ఫోటో వేయించి ఎండలో, రాత్రి ట్యూబులైటు కింద చూసుకుని మిగతావి ఆర్డర్ ఇవ్వండి. గ్యాలరీలో ఫోటో మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల ఎత్తులో ఉంటే సరిపోతుంది. గల్లీలో పిల్లలు, కూర్చుని చూసే పెద్దవాళ్లు ఉంటారు, ఇంకో అడుగు దించండి. అద్దం ఫ్రేములు పెట్టకండి. ఖర్చు పెరుగుతుంది, లైటు పడి చూసేవాళ్ల ముఖమే అందులో కనిపిస్తుంది.

అనుమతి ఒకసారి అడిగితే చాలదు. ఫోటో తీసేటప్పుడు ‘సరే’ అన్నారంటే తీయడానికే సరే అన్నట్టు. వాళ్ల గల్లీలో పెట్టడానికి వేరే, హైదరాబాద్‌లో పెట్టడానికి వేరే, ఇంటర్నెట్‌లో పెట్టడానికి వేరే అడగండి. ప్రింటు చేతికిచ్చి అడగండి, ఫోన్లో చూపించి కాదు. బీడీ పని ఇచ్చే కాంట్రాక్టరుతో ఇబ్బంది వస్తుందని ఎవరైనా జంకితే ఆ ఫోటో పక్కన పెట్టేయండి, అది మీ ఉత్తమ ఫోటో అయినా సరే. 2016లో నేను ఒక ప్రదర్శన తెరుచుకున్న రోజే రెండు ఫోటోలు దించాను. అందులో ఉన్న అమ్మాయికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, వాళ్ల నాన్న వచ్చి బతిమాలాడు. ఆ రెండు చోట్లా గోడ ఖాళీగానే ఉంచాను.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, ఏమైనా మారుతుందా? ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు లూయిస్ హైన్ గుర్తొస్తాడు. 1908 నుంచి అమెరికాలో జాతీయ బాల కార్మిక కమిటీ కోసం మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల ఫోటోలు తీశాడు. లోపలికి రానివ్వకపోతే బైబిళ్లు అమ్మేవాడిననో, ఇంకేదో చెప్పుకునో వెళ్లేవాడు. కోటు గుండీలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచిపెట్టుకుని, పిల్లవాడు ఏ గుండీ దాకా వచ్చాడో చూసి ఎత్తు లెక్కగట్టేవాడు. పేరు, వయసు అన్నీ రాసుకునేవాడు. ఆ ఫోటోలను కమిటీ కరపత్రాల్లో అచ్చువేసింది, ప్రదర్శనలుగా సభల్లో పెట్టింది. 1916లో బాల కార్మికుల మీద చట్టం వచ్చింది. 1918లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిలిచిన చట్టం 1938లో వచ్చింది. మొదటి ఫోటోకూ ఆ చట్టానికీ మధ్య 30 ఏళ్లు. హైన్ ఫోటోలు లేకపోతే అది ఇంకా ఆలస్యమయ్యేదేమో. కానీ కమిటీ లేకపోతే ఆ ఫోటోలు పెట్టెలోనే ఉండిపోయేవి.

అందుకే ప్రారంభోత్సవానికి సెలబ్రిటీని కాదు, బీడీ కార్మికుల సంఘం వాళ్లను, బడి పంతుళ్లను, ఆ వార్డు ఆరోగ్య కార్యకర్తను పిలవండి. వాళ్లు ఏ ఫోటో వాడుకోవాలనుకున్నా కాపీ ఇచ్చేయండి. మన దగ్గర వరంగల్ భరత్ భూషణ్ గారు జీవితమంతా బతుకమ్మను, తెలంగాణ పల్లెను ఫోటోలు తీస్తూనే ఉన్నారు. 2022లో ఆయన పోయారు. పల్లె మారిపోయాక వెనక్కి తిరిగి చూసుకోవడానికి మనకు ఆ ఫోటోలున్నాయి. అదీ ఒక ఉపయోగమే. వెంటనే కనపడేది కాదు, అంతే.

హైదరాబాద్ గ్యాలరీవాళ్లకు ఆరు నెలలు గడువు అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, వేరేది దొరుకుతుంది. 2015 నుంచి మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరుగుతోంది, అక్కడికి వెళ్లి నాలుగు ప్రదర్శనలు ఎలా కట్టారో చూసి రండి. అన్నీ అయిపోయాక ప్రింట్లు మీ అటక మీద పెట్టుకోకండి. ఎవరి ఫోటో వాళ్ల ఇంటికి చేర్చేలా ముందే ఒక జాబితా రాసుకోండి.

ఆ జాబితా ఎనిమిదో ఫోటోతో మొదలుపెట్టండి. ఆవిడ పేరు మీరు రాయలేదు. ఈసారి సోలాపూర్ వెళ్లినప్పుడు అడిగి, ఆ ఐడీ కార్డు ఎవరిదో కూడా కనుక్కుని నాకు రాయండి.